ఉద్యోగం పోతే గ్రీన్‌కార్డ్ లైన్‌లో మన చోటు కూడా పోతుందా?

నమస్కారం అండీ. ఈ వీడియో ఒక మెసేజ్ చూసి చేస్తున్నాను. టెక్సస్ నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. "అన్నా, పోయిన వారం మా ఆయన్ని లేఆఫ్ చేశారు. హెచ్-1బీలో ఇది తొమ్మిదో ఏడు. కంపెనీ వేసిన గ్రీన్‌కార్డ్ పిటిషన్ ఐ-140 2019లోనే అప్రూవ్ అయింది. ఇప్పుడు కొత్త కంపెనీకి వెళ్తే లైన్‌లో మళ్లీ మొదటి నుంచి నిలబడాలా? పాత కంపెనీ ఐ-140 వెనక్కి తీసుకుంటే మా డేట్ పోతుందా? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు."

ముందు జవాబు చెప్పేస్తాను. పోదమ్మా. ఆ డేట్, అంటే లైన్‌లో మీ చోటు చెప్పే తేదీ, మీ ఆయనదే.

మనలో చాలామంది రెండు విషయాలు కలిపేసుకుని భయపడుతున్నారు. హెచ్-1బీ అంటే పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. అది కంపెనీతో ముడిపడి ఉంటుంది, కంపెనీ పోతే అదీ పోతుంది. గ్రీన్‌కార్డ్ లైన్‌లో చోటు అలా కాదు, అది మనిషికి చెందుతుంది.

ఎలాగంటే, ఈ ఉద్యోగానికి అర్హత, ఇష్టం ఉన్న అమెరికన్ దొరకలేదని కంపెనీ ప్రకటనలు వేసి, వచ్చిన వాళ్లను చూసి, కార్మిక శాఖకు దరఖాస్తు పెడుతుంది. దాన్నే పర్మ్ అంటాం. అది కార్మిక శాఖకు చేరిన రోజే మీ ప్రయారిటీ డేట్. తర్వాత ఐ-140. అది అప్రూవ్ అయితే ఆ డేట్ మీకు ఖాయమైనట్టే. మోసం, తప్పుడు సమాచారం, పర్మ్ రద్దు కావడం, అప్రూవల్ ఇవ్వడంలోనే పెద్ద పొరపాటు జరగడం, ఇలాంటివి ఉంటే తప్ప పోదు. మామూలుగా కొత్త కంపెనీ పర్మ్, ఐ-140 మళ్లీ చేయాల్సిందే. కానీ కొత్త ఐ-140కి పాత డేటే వస్తుంది.

ఇక పాత కంపెనీ వెనక్కి తీసుకుంటే? ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, వాళ్లు వెనక్కి తీసుకున్నా, దాని ఆధారంగా కొత్త కంపెనీ హెచ్-1బీని ఆరేళ్ల పరిమితి దాటి మూడేళ్లకు పొడిగించుకోవచ్చు. 180 రోజుల లోపే తీసుకుంటే ఆ పొడిగింపు సౌకర్యం పోతుంది, డేట్ మాత్రం అప్పుడూ నిలుస్తుంది. మీది 2019 నాటిది. ఆ భయమే అక్కర్లేదు.

ఒక్క డేట్ కోసం ఇంత ఆరాటం ఎందుకని బయటివాళ్లు అడుగుతారు. లెక్క చూడండి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలు కూడా అందులోనే లెక్క. 1990 నాటి చట్టం ప్రకారం ఏ దేశానికైనా 7 శాతమే. ఉన్నత డిగ్రీ ఉద్యోగాల కేటగిరీ ఈబీ-2లో ఆ లెక్కన మన వాటా దాదాపు 2,800. మిగతావాళ్లు వాడుకోకుండా మిగిలినవేమైనా ఉంటే అదనం. ఐస్‌లాండ్‌కీ అదే పరిమితి, ఇండియాకీ అదే పరిమితి. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2025 అక్టోబరులో ఈబీ-2 ఇండియా డేట్ 2013 ఏప్రిల్ దగ్గర ఉండింది. పన్నెండేళ్లు దాటిన నిరీక్షణ! పైగా ఇక్కడ చూసేది పాస్‌పోర్ట్ కాదు, పుట్టిన దేశం. కువైట్‌లో పుట్టిన తెలుగువాడు కువైట్ లెక్కలోకి వస్తాడు, అతని భార్య కూడా అదే లెక్కలో వెళ్లొచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పిల్లల విషయం. ఇక్కడ పుట్టిన చిన్నది సిటిజన్. రెండేళ్లప్పుడు చంకనేసుకుని తెచ్చిన పెద్దాడు 21 నిండగానే, హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 నుంచి బయటికి. ఒకే ఇల్లు, ఒకే స్కూలు. వయసు లెక్కలో కొంత తగ్గింపు ఇచ్చే చట్టం 2002 నుంచి ఉంది గానీ, ఇంత పొడవైన లైన్‌లో అది అందరినీ కాపాడలేకపోతోంది. అందుకే నేను ప్రయారిటీ డేట్‌లో ఆరు నెలల తేడాను కూడా చిన్నదిగా చూడను.

నా సంగతి చెప్తాను. నా మొదటి కంపెనీలో మూడేళ్లపాటు "వచ్చే క్వార్టర్‌లో పర్మ్ మొదలుపెడతాం" అంటూనే గడిపేశారు. గట్టిగా అడిగితే ఉద్యోగానికే ఎసరొస్తుందని ఊరుకున్నాను. తర్వాతి కంపెనీలో పర్మ్ పడింది, కానీ ఆ మూడేళ్లు నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కాబట్టి కొత్తగా చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్తున్నా, ఆఫర్ మాట్లాడేటప్పుడే పర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో అడగండి, మెయిల్‌లో రాయించుకోండి. ఇంకో మాట. పర్మ్ ఖర్చు, దానికి కంపెనీ పెట్టుకున్న లాయర్ ఫీజు కంపెనీయే భరించాలి, అది నిబంధన. జీతంలో పట్టుకుంటామన్నా, చేతికివ్వమన్నా ఒప్పుకోకండి.

కాగితాల గురించి ఇంత పట్టుబట్టడానికి 2007 ఒక కారణం. ఆ ఏడు జులై బులెటిన్‌లో దాదాపు అన్ని ఉద్యోగ కేటగిరీలూ ఒక్కసారిగా కరెంట్ అయ్యాయి, అంటే డేట్‌తో పనిలేకుండా దరఖాస్తు వేసుకోవచ్చన్నమాట. జనం పరుగెత్తి మెడికల్ టెస్టులు చేయించుకుని గ్రీన్‌కార్డ్ చివరి దరఖాస్తులైన ఐ-485లు సిద్ధం చేసుకున్నారు. జులై 2న గ్రీన్‌కార్డ్ నంబర్లు అయిపోయాయన్నారు. అప్పుడు మనవాళ్లు ఎవరినీ తిట్టలేదు. ఇమిగ్రేషన్ డైరెక్టర్ ఆఫీసుకు వందల పూలగుచ్ఛాలు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రులకు పంపించారు. జులై 17న నిర్ణయం మార్చుకుని, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. ఆ కిటికీ తెరుచుకున్న కొద్ది రోజుల్లో కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు ఐ-485 వేసుకోగలిగారు. 2020 అక్టోబరులో డిగ్రీ ఉద్యోగాల కేటగిరీ ఈబీ-3 డేట్ ముందుకు దూకినప్పుడూ ఇదే చూశాం.

ఇప్పుడు మళ్లీ చెల్లెమ్మ దగ్గరికి. మీ ఆయనకు ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 60 రోజులు గడువు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకంటే ముందే అయిపోతే ఆ తేదీయే గడువు, కాబట్టి అది వెంటనే చూసుకోండి. ఈ లోపు కొత్త కంపెనీ హెచ్-1బీ పిటిషన్ వేస్తే చాలు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు, అక్కడ పనిలో చేరొచ్చు. మళ్లీ హెచ్-1బీ లాటరీ ఉండదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి అందరూ టెన్షన్ పడుతున్నారు, దేశంలోనే ఉండి స్టేటస్ పొడిగింపుతో కంపెనీ మారేవాళ్లకు అది పడదు. అందుకే తొందరపడి ఇండియాకు టికెట్ కొనకండి. గడువులో ఆఫర్ రాకపోతే సందర్శకుల స్టేటస్ బీ-2కి మార్పు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ దాని మీద పని చేయకూడదు. మీరు హెచ్-4 వాళ్లకిచ్చే పని అనుమతి కార్డు, ఈఏడీ మీద ఉద్యోగం చేస్తుంటే అది కూడా ఆయన స్టేటస్ మీదే నిలబడి ఉంది, లాయర్‌తో ఇద్దరి సంగతీ కలిపి మాట్లాడండి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. ఐ-140 అప్రూవల్ నోటీసు కాపీ ఇంట్లో ఉందేమో వెతకండి. లేకపోతే పాత హెచ్‌ఆర్‌కు రేపే మెయిల్ పెట్టండి. వాళ్లు ఇవ్వకపోయినా, సమాచారం అడిగే హక్కునిచ్చే ఫోయా చట్టం కింద ఇమిగ్రేషన్ శాఖను మీరే ఆన్‌లైన్‌లో అడగొచ్చు. దానికి టైమ్ పడుతుంది, అందుకని ఆగకుండా ఈ వారమే పెట్టేయండి. వారం గడిచిందన్నారు కదా, ఇంకా యాభై రోజులు పైనే ఉన్నాయి. కొత్త కంపెనీ నుంచి హెచ్-1బీ పిటిషన్ రిసీట్ రాగానే నాకొక మెసేజ్ పెట్టమ్మా, ఎదురుచూస్తుంటాను.