నవంబర్ 1: విశాఖకు రెండు రకాలుగా గుర్తుండే రోజు

[దృశ్యం: తెల్లవారుతున్న బీచ్ రోడ్డు. తెర మీద: నవంబర్ 1]

వాయిస్: నవంబర్ 1 అంటే ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవం. ఆ రోజు ప్రసంగాల్లో తరచూ ఒక పొరపాటు దొర్లుతుంది. "పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణతో 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది" అంటారు. ఆ ఒక్క మాటతో మధ్యలో ఉన్న ఒక రాష్ట్రమే మాయమైపోతుంది.

[దృశ్యం: పాత మద్రాసు ఫొటో. పక్కన తేదీల లెక్క]

వాయిస్: మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో శ్రీరాములు గారి నిరాహార దీక్ష మొదలైంది 1952 అక్టోబర్ 19న. వేళ్ల మీద లెక్కపెట్టండి. అక్టోబర్‌లో 13 రోజులు, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15. మొత్తం 58. డిసెంబర్ 15 రాత్రి శ్రీరాములు గారు కన్నుమూశారు. 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. అది ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. మన విశాఖ మద్రాసు రాష్ట్రం నుంచి విడివడింది ఆ రోజే, నవంబర్‌లో కాదు.

హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు ఈ ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి.

[దృశ్యం: ఉక్కు కర్మాగారం, దూరం నుంచి. సంగీతం ఆపాలి]

వాయిస్: ఇక సరిగ్గా పదేళ్లకు, 1966 నవంబర్ 1. రాష్ట్రం పుట్టినరోజున విశాఖ వీధుల్లో పోలీసు కాల్పులు జరిగాయి.

కారణం ఉక్కు. సముద్రతీర కర్మాగారానికి విశాఖ అనువైన చోటని నిపుణుల బృందం 1965లోనే తేల్చింది. కేంద్రం మాత్రం నిర్ణయం తీసుకోలేదు. 1966 అక్టోబర్ 15న టి. అమృతరావు గారు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ విద్యార్థులు, కార్మికులు రోడ్డెక్కారు. కాల్పులు జరిగేనాటికి దీక్ష 18వ రోజు. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారని ఉక్కు కార్మికులు ఇప్పటికీ తలచుకుంటారు. అవతరణ దినోత్సవ వేదిక మీద వాళ్లకూ ఒక నిమిషం మౌనం పాటించాలి. ఈ ఊళ్లోనైనా తప్పకుండా.

[దృశ్యం: కూర్మన్నపాలెం వైపు వెళ్లే రోడ్డు]

వాయిస్: పార్లమెంటులో ఇందిరా గాంధీ ప్రకటన 1970 ఏప్రిల్ 17న. శంకుస్థాపన 1971 జనవరి 20న. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. కాల్పులు జరిగిన రోజు రోడ్డు మీదున్న ఇరవయ్యేళ్ల కుర్రాడికి అప్పటికి నలభై ఐదు దాటి ఉంటాయి.