పప్పు పక్కన అన్నం: శాకాహారంతో కండ పెంచడం గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట వర్కవుట్ ఆపి మరీ కూర్చున్నారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నన్ను పిలిచినప్పుడు మీ కోచ్ గారు ఒక మాట అన్నారు. "మేడమ్, మాంసం, గుడ్డు ముట్టని పిల్లలు మా దగ్గర చాలామందే ఉన్నారు. మీకు బాడీ రాదులే అని పక్కవాళ్లు అంటుంటే సగంలో మానేస్తున్నారు." ఆ పిల్లలకు ముందే జవాబు చెప్పేస్తాను. వస్తుంది. కాకపోతే ఇప్పుడు మన ఇళ్లల్లో పప్పు తింటున్న తీరులో తింటే రాదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా చెప్పడానికే వచ్చాను.

ముందు ఎంత కావాలో చూద్దాం. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. ఆరోగ్యంగా బతకడానికి సరిపోయే లెక్క అది. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల దాకా పెంచితే లాభం ఉంటుందని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి. కొందరు 2 దాటిస్తారు, ఆపైన పెద్దగా ఒరిగేది కనబడదు. 70 కిలోల కుర్రాడికి 1.6 లెక్కన 112 గ్రాములు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన కంచం చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నాం, 8 గ్రాములు. ఇడ్లీకి రెండు వంతుల రవ్వకు ఒక వంతు మినప్పప్పే కదా వేసేది. రోజంతా కలిపి ముప్పావు శేరు అన్నం తినే ఇళ్లు ఇంకా ఉన్నాయి, కానీ మీరు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నారనుకుందాం. అందులో 22, 23 గ్రాములు. పప్పు ఒక మనిషి వాటాకు 40 గ్రాములు పడితే గొప్ప, దాంట్లో 9. సాయంత్రం గుప్పెడు పల్లీలు, ఇంకో 6. పెరుగు తినేవాళ్లకు మరో 6, 7. ఎంత లాగినా 50, 55 దగ్గర ఆగిపోతుంది. బతకడానికి దాదాపు సరిపోయింది. 112కు సగం కూడా కాలేదు. ఈ సగంతోనే ఆర్నెల్లు కష్టపడి, చివరికి "వెజ్ తింటే బాడీ రాదు" అనుకుంటున్నారు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. ఫోన్‌లో చూస్తే "కందిపప్పు 100 గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాములు" అని ఉంటుంది. ఒక గిన్నెడు పప్పు తినేసి 22 వచ్చేసిందని రాసుకుంటారు. ఆ 22 పచ్చి పప్పుకు. కుక్కర్‌లో నీళ్లు పోసి ఉడికిస్తే అదే పప్పు మూడింతల బరువు అవుతుంది, కాబట్టి ఉడికిన గట్టి పప్పు 100 గ్రాముల్లో ఉండేది 6, 7 గ్రాములే. ఉడికిస్తే ప్రొటీన్ పోయిందని కాదు, నీళ్లు చేరాయి. ఇంట్లో సాంబారు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఒక చిన్న వంటింటి త్రాసు కొనుక్కోండి, గింజలు పచ్చిగా ఉన్నప్పుడే తూచండి. షేకర్ బాటిల్ కన్నా ముందు కొనాల్సింది అదే.

ఉలవల విషయంలో మనం చేసేది చూస్తే నాకు నవ్వొస్తుంది. పచ్చి ఉలవల్లో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. పాతకాలం నుంచీ మనం వాటిని ఉడికించి ఆ నీళ్లతో ఉలవచారు కాచుకుని, గింజలు ఎద్దులకు పెట్టాం. కండలు ఎవరికి వచ్చాయో చూస్తూనే ఉన్నాం. ఉలవచారు మానమని నేను చెప్పను, చెప్పినా కృష్ణా జిల్లావాళ్లు వినరు. ఆ గింజలు పారేయకుండా తాలింపు వేసి గుగ్గిళ్లు చేసుకోమని మాత్రం అడుగుతాను.

మరి 112 దాకా ఎలా వెళ్లాలి? అన్నంలోకి పప్పు కలుపుకునే అలవాటును తిప్పి, పప్పులోకి కాస్త అన్నం కలుపుకోవాలి. ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను, అన్నీ పచ్చి గింజల బరువులే. పొద్దున బియ్యం కలపకుండా 80 గ్రాముల పెసలతో పెసరట్లు, 20 గ్రాముల పల్లీలతో చట్నీ. అక్కడే 24. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిపప్పుతో గట్టిగా చేసిన ఆకుకూర పప్పు, 40 గ్రాముల మీల్‌మేకర్‌తో వేపుడో కూరో. ఈ పూటే 40 దాటుతుంది. సాయంత్రం వర్కవుట్‌కు ముందో తర్వాతో 50 గ్రాముల శనగలు ఉడికించి, నిమ్మకాయ పిండుకుని తింటే 10. రాత్రి 100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, 60 గ్రాముల బొబ్బర్ల కూర, 24. ఒక గుప్పెడు గుమ్మడి గింజలు, ఒక గ్లాసు సోయా పాలు ఎక్కడో ఒకచోట ఇరికిస్తే 112 అందుతుంది. ఇందులో పాల చుక్క లేదు, పొడి లేదు. నూనె అదుపులో ఉంటే 2,200, 2,300 కేలరీల్లో ముగుస్తుంది. బరువు పెరగాలనుకునే సన్నవాళ్లు దీనికి అన్నం పెంచుకోవచ్చు, లేదా పూటకో సున్నుండ తినొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కొవ్వు తగ్గించుకోవాలనుకునేవాళ్లు మాత్రం సున్నుండను బలం మందు అనుకోవద్దు. దాంట్లో మినప్పప్పు కన్నా బెల్లం, నెయ్యి ఎక్కువ మాట్లాడతాయి.

పల్లీలకూ అదే వర్తిస్తుంది. ప్రొటీన్ 25 శాతం ఉంది, నిజమే, కానీ దాదాపు సగం నూనె. పల్లీల నుంచే 25 గ్రాముల ప్రొటీన్ తీసుకోవాలంటే 560 కేలరీలు దాటిపోతాయి. అదే 25 మీల్‌మేకర్ నుంచి తీసుకుంటే 170 దగ్గర అయిపోతుంది. నూనె తీసేసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి మీల్‌మేకర్‌లో ప్రొటీన్ 100కు 52 గ్రాములు ఉంటుంది. శనగల్లో, పెసల్లో ఉన్నదానికి రెట్టింపు పైనే. ధర చూస్తే బాదం కిలో డబ్బుతో మీల్‌మేకర్ సంచి నిండా వస్తుంది. పది బాదం గింజలు నానబెట్టుకుని తింటే వచ్చేది రెండున్నర గ్రాములు.

సోయా అనగానే మగపిల్లల ముఖాలు మారిపోతాయని నాకు తెలుసు. "మేడమ్, ఆడ హార్మోన్ పెరుగుతుందట కదా?" సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజన్‌ను పోలి ఉంటాయి, అక్కడి నుంచే ఈ భయం పుట్టింది. మగవాళ్ల మీద జరిగిన చాలా పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు 2010లో, మళ్లీ 2021లో వచ్చాయి. మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. రోజుకు 40, 50 గ్రాముల మీల్‌మేకర్‌కు టెన్షన్ పడక్కర్లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటలు వదలండి, లేకపోతే ఒంటికి మందు సరిగా పట్టదు.

ఇక నాణ్యత సంగతి. మొక్కల ప్రొటీన్ "అసంపూర్ణం" అని మీరు వినే ఉంటారు. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది పుష్కలంగా ఉంది, కానీ మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ. బియ్యంలో, నువ్వుల్లో మెథియోనిన్ బాగానే ఉంది. కాబట్టి పప్పన్నం, ఇడ్లీ, పొంగలి, నువ్వుల పొడి వేసిన గుగ్గిళ్లు ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తాయి. అన్నీ ఒకే ముద్దలో ఉండాలని కూడా లేదు, ఒకే రోజులో తింటే చాలు. దీని గురించి ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోవద్దు. పట్టించుకోవాల్సింది ల్యూసిన్‌ను. కండ కట్టే పనికి తాళం తిప్పేది ఆ అమైనో ఆమ్లమే. పాల నుంచి తీసిన వే పొడి 25 గ్రాముల ప్రొటీన్‌లో ఉన్నంత ల్యూసిన్ పప్పుల నుంచి రావాలంటే 30, 35 గ్రాముల ప్రొటీన్ తినాలి. పైగా పప్పులు పాలంత పూర్తిగా అరగవు. అందుకే శాకాహారులు ఒక్కో పూట వాటా కాస్త పెద్దదిగా పెట్టుకోవాలి.

ఇది నా నమ్మకం మాత్రమే అనుకోకండి. బ్రెజిల్‌లోని సావో పాలోలో యువకుల మీద ఒక అధ్యయనం చేశారు, 2021లో ప్రచురితమైంది. 19 మంది పూర్తి వీగన్లు, అంటే పాలు, పెరుగు కూడా ముట్టనివాళ్లు, 19 మంది మాంసం తినేవాళ్లు. ఇద్దరికీ కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా చూశారు, వీగన్లకు సోయా పొడితో, మిగతావాళ్లకు వే పొడితో లోటు పూడ్చారు. 12 వారాలు కాళ్ల వ్యాయామం చేయించారు. కండలోనూ బలంలోనూ ఇద్దరూ ఒకేలా పెరిగారు. అయితే వాళ్లు కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు, చూసింది మూడు నెలలే. స్టేజీ ఎక్కి పోటీపడేవాళ్లకు అయిదేళ్లలో ఎలా ఉంటుందో ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. ఇక్కడున్న మీలో ఎక్కువమందికి మాత్రం అది సరిగ్గా సరిపోయే సాక్ష్యం.

మల్లయోధుల కథలు చెప్పమని కోచ్ గారు అడిగారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు శాకాహారి అని ప్రతీతి. ఆయనంటే నాకు చాలా గౌరవం. అయితే ఆనాటి వస్తాదుల శాకాహారం అంటే పాలు, నెయ్యి దండిగా ఉన్నది, మనం మాట్లాడుతున్న మొక్కల తిండికి అది సరైన పోలిక కాదు. జర్మనీకి చెందిన పాట్రిక్ బబూమియన్ వీగన్ అయ్యాక 2013లో టొరంటోలో 550 కిలోలకు పైగా బరువును భుజాల మీద మోస్తూ 10 మీటర్లు నడిచాడు. కాకపోతే వీగన్ కాకముందే ఆయన పెద్ద బలశాలి. ఇలాంటి ఫొటోలు గోడకు అంటించుకోండి, డైట్ మాత్రం వాటిని చూసి రాసుకోకండి.

రేపటి నుంచే పప్పు రెట్టింపు చేస్తే ఎల్లుండి మీ పక్కన స్క్వాట్ చేసేవాడు ఇబ్బంది పడతాడు. నవ్వుతున్నారు గానీ, చాలామంది ఈ డైట్ మానేసేది కడుపుబ్బరంతోనే. వారానికి కొంచెం చొప్పున పెంచండి. శనగలు, ఉలవలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి మెత్తగా ఉడికించండి. అల్లం, వాము, ఇంగువ మన తాలింపులో ఊరికే రాలేదు. ఆరోగ్యానికి మంచిదని మొలకలను పచ్చిగా నమిలేవాళ్లున్నారు, కాస్త ఆవిరి పట్టించండి, బాగా అరుగుతాయి. మొలకెత్తితే ప్రొటీన్ పెరగదు కూడా, 30 గ్రాముల పెసలు గిన్నె నిండా మొలకలైనా 7 గ్రాములే.

పొడులు. బఠాణీ ప్రొటీన్, సోయా ఐసోలేట్ (సోయా నుంచి ప్రొటీన్‌ను విడదీసి చేసిన పొడి) మంచివే, కుదరని పూటకు పనికొస్తాయి. ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. జనం మొత్తానికి అది సరైన సలహానే అని నా అభిప్రాయం. ప్రయాణాల్లో తిరిగే, హాస్టల్ తిండి తినే మీలాంటివాళ్లకు ఒక స్కూప్ తప్పు కాదంటాను. మొక్కల పొడుల్లో సీసం, కాడ్మియం లాంటి హాని చేసే లోహాలు కాస్త ఎక్కువగా ఉన్నట్టు విదేశాల్లో చేసిన పరీక్షల్లో బయటపడింది, నేలలోంచి మొక్క పీల్చుకున్నవే అవి. అందుకే బయటి ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్టు చూపించే కంపెనీదే కొనండి, రోజుకు మూడు స్కూపులు తాగొద్దు. డబ్బు లేనివాళ్లు పుట్నాల పప్పు మెత్తగా పొడి చేసుకోండి. బిహార్‌లో సత్తు అని తాగేది దాదాపు ఇదే. 40 గ్రాములు నీళ్లలో కలిపి ఉప్పు, నిమ్మరసం వేసుకుంటే 9 గ్రాములు.

రెండు విషయాలు మాత్రం తిండితో తీరవు. మొక్కల్లో విటమిన్ బి12 నమ్మదగినంత దొరకదు. పాలు, పెరుగు కూడా మానేసినవాళ్లు మాత్ర వేసుకోవాల్సిందే, మిగతా శాకాహారులు రక్తపరీక్ష చేయించుకోండి. రెండోది క్రియాటిన్, బరువులెత్తేటప్పుడు కండకు శక్తి అందించే పదార్థం. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది కాబట్టి శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ తీసుకుంటే మీకు మాంసాహారుల కన్నా ఎక్కువ తేడా కనబడొచ్చు. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు, జంతువు నుంచి తీయరు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు క్రియాటిన్‌కే కాదు, ఇవాళ నేను చెప్పిన అంకెలన్నిటికీ ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పొడుల బ్రాండ్ పేర్లు మాత్రం అడగొద్దు, చెప్పను.