పాత కారు లైట్లు మసకగా ఉన్నాయా? ముందు ఎర్త్ చూడండి

[దృశ్యం: చీకటి గ్యారేజీ. పాత కారు హెడ్‌లైట్లు పసుపుగా, నీరసంగా వెలుగుతున్నాయి.]

నమస్కారం. ఈ లైట్లతో రాత్రిపూట రోడ్డెక్కితే ఎదురుగా ఏముందో కనపడదు. చాలామంది వెంటనే ఎక్కువ వాట్ల బల్బు కొనేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పాత కార్లలో చాలాసార్లు తప్పు బల్బుది కాదు, కరెంటు తిరిగొచ్చే దారిది.

బ్యాటరీ నుంచి బల్బు దాకా వైరు ఉంటుంది. తిరిగి రావడానికి మాత్రం కారు బాడీ రేకే దారి. దాన్నే ఎర్త్ అంటాం. ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టిందంటే కరెంటుకి అక్కడే అడ్డు. ఇండికేటర్ వేసినప్పుడు టెయిల్ ల్యాంపు కూడా దాంతోపాటు కొట్టుకుంటోందా? అయితే మీరు ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

[దృశ్యం: మల్టీమీటర్ దగ్గరగా.]

మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. హెడ్‌లైట్లు వేసే ఉంచాలి. లైటు ఆర్పేస్తే కరెంటు పారదు, అప్పుడు పాడైన జాయింటు కూడా బాగున్నట్టే చూపిస్తుంది. ఒక ప్రోబు బల్బు ఎర్త్ టెర్మినల్‌కి, రెండోది బ్యాటరీ ఎర్త్ పోస్టుకి ఆనించండి. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపేది ప్లస్ పోస్టు, కాబట్టి ముందు అది చూసుకోండి.

మీటరు చూపేది ఎర్త్ దారిలో పోతున్న వోల్టేజీ. 0.2 వోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు. ఇక్కడ చూడండి, 1.2 చూపిస్తోంది! బల్బుకి చేరాల్సిన 12లో 10.8 మాత్రమే మిగిలాయి. వోల్టేజీ తగ్గింది పది శాతమే, వెలుగు మాత్రం దాదాపు 30 శాతం పడిపోతుంది.

[దృశ్యం: ఊడదీసిన ఎర్త్ బోల్టు.]

బ్యాటరీ వైరు తీసేసి బోల్టు విప్పాను. రింగు టెర్మినల్ మీద పచ్చగా చిలుము, దాని కింద రేకు మీద గుండ్రంగా తుప్పు. రెండింటినీ గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి. చెమ్మ చేరదు. మళ్లీ కొలిస్తే 0.1.

ఎర్త్ బాగుండి కూడా లైటు మసకగానే ఉంటే, బ్యాటరీ లైవ్ పోస్టు (బాడీకి కలపనిది) నుంచి బల్బు లైవ్ టెర్మినల్ దాకా అలాగే కొలవండి. 0.5 దాటితే స్విచ్చుని అనుమానించండి. చాలా పాత కార్లలో హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్చులోంచే పోతుంది. 60 వాట్ల బల్బులు రెండంటే 10 ఆంపియర్లు! కాసేపు లైట్లు వేసి ఉంచి స్విచ్చు ముట్టుకోండి. వేడెక్కితే రిలే (కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటుని నడిపే స్విచ్చు) పెట్టించడమే మేలు. ఆ బరువు రిలే మోస్తుంది, పాత స్విచ్చుకి ఆయుష్షు పెరుగుతుంది.

ఎల్‌ఈడీ బల్బులు వేశాక ఇండికేటర్ కొట్టుకోవడం మానేస్తే కంగారు పడకండి. ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే పాత ఫ్లాషర్, బల్బు తీసుకునే కరెంటుకి వేడెక్కి పనిచేస్తుంది, ఎల్‌ఈడీకి అంత కరెంటు అక్కర్లేదు. ఫ్లాషర్ కూడా మార్చాలి.

ఇక ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయకండి, వైరు అంటుకుంటుంది. ఎక్కడ షార్టవుతోందో వెతకండి. వైరు వంచినప్పుడు పైతొడుగు పొడిపొడిగా రాలితే, టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ వైరు మొత్తం మార్చేయండి.