ఆటల అరటిపండు మళ్ల అయితరా?

అందరికి నమస్తే.

మొన్న ఆదివారం మా గల్లీల పోరగాళ్లు గోటీలాడుతుంటే నేను గూడ కూసున్న. ఒక పెద్దమనిషి బండి ఆపి, "ఏం పిలగా, నలభై దగ్గరవడ్తున్నయ్, సిగ్గనిపిస్తలేదా?" అనుకుంట పోయిండు. నాకు కోపం రాలే. వచ్చింది, అబద్ధమెందుకు.

ఆ సారు రోజు పొద్దుగాల క్లాక్ టవర్ దాకా నడుస్తడు. చేతి గడియారం చూస్కుంట, అడుగులు లెక్కపెట్టుకుంట. అదే ఆటంటడు. కాదు సార్, అది డ్యూటీ.

చిన్నప్పుడు మా చెల్లె మా ఎనక వడి ఏడిస్తే, "సరే, నువ్వు అరటిపండు" అని కలుపుకుంటుంటిమి. అది దొరికినా ఔటు కాదు. దానికి పంట పడదు. మేమేమో గెలుస్తందుకు ఉరుకుతుంటిమి, తన్నుకుంటుంటిమి. అది ఊకె నవ్వుకుంట ఉరుకుతుండె. ఇప్పుడనిపిస్తది, ఆ గుంపుల నిజంగ ఆడింది అదొక్కతే.

2019ల జర్మనీల, బెర్లిన్ హంబోల్ట్ యూనివర్సిటోళ్లు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పిర్రు. జోకు కాదు! 30 చదరపు మీటర్ల రూము, దాంట్ల దాక్కుంటందుకు డబ్బాలు. ఒకపారి మనిషి దాక్కుంటే ఎలుక దేవులాడాలె, ఇంకోపారి ఎలుక దాక్కుంటది. రెండు వారాలల్లనే నేర్చుకున్నయ్. లోపల కనపడే డబ్బా వదిలి, కనపడని డబ్బాల దూరుడు గూడ తెలిసింది వాటికి. దాక్కున్నప్పుడు సప్పుడు తక్కువ చేసినయ్. మన పోరగాళ్లకు ఆ తెలివి ఉండదు, కిసకిస నవ్వి దొరికిపోతరు.

బహుమతి కింద గింజ గూడ పెట్టలే. కితకితలు, అంతే. ఇంకా నచ్చిందేందంటె, దొరికినంక గూడ కొన్నిసార్లు ఉరికి ఇంకోతాన దాక్కున్నయ్. కితకితలు ఆలస్యమైనా పర్వాలేదు, ఆట మాత్రం ఒడవొద్దు. గిదే అరటిపండు బుద్ధి.

"అవి పడుచు ఎలుకలు, మేం పెద్దోళ్లం" అంటరేమో. మీ గల్లీ కుక్కను చూడుర్రి. ఎదిగిన కుక్కే, ముందుకాళ్లు నేల మీద పరిచి, ఎనక భాగం పైకి లేపి ఇంకో కుక్క ముంగట వంగుతది. "ఇగ కరిచినా ఉత్తుత్తదే" అని చెప్పుడన్నట్టు.

మనుషులకు అసలే లేదా అంటె, ఉన్నది. బతుకమ్మ! మనం దాన్ని "చేస్తం" అనం, "ఆడుతం" అంటం. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా 9 రోజులు, అరవై ఏండ్ల అవ్వ గూడ ఆడుతది. అక్కడ అందరు అరటిపండ్లే. అడుగు తప్పినా ఔటు లేదు. కొత్త కోడలికి పాట రాదు, "ఉయ్యాలో" దగ్గర గొంతు కలిపితె సాలు. ఎవరు గెలిచిర్రని ఇంటికొచ్చినంక ఎవలు అడగరు. (ఈ నడుమ పెద్ద బతుకమ్మకు ప్రైజులు వెడ్తుర్రు. నాకైతె నచ్చదు. కొలత టేపు వచ్చిందంటె ఆట పోయినట్టే.)

మరి మగోళ్లు? పక్కకు నిలవడి ఫోన్ల వీడియో తీస్తరు. లేకుంటె పేకాట, దాంట్ల పైసలు. పైసలు వెట్టినంక అరటిపండుకు జాగేడిది? మా మామను అడగండి, ఓడిన రాత్రి అన్నం తినడు.

అయ్యో, టైమైపోతుంది. ఒకటి జల్ది చెప్పి ఒడగొడ్త. పాంక్‌సెప్ అని అమెరికాల మెదడు శాస్త్రవేత్త. ఆయన చూసిందేందంటె, ఎలుక పిల్లలను కొంతసేపు ఒంటరిగ ఉంచి మళ్ల కలిపితే మామూలు కంటె ఎక్కువ ఆడుతయ్. ఆకలి అయినట్టు. సెలవు దినం ఫోను చూసి చూసి చిరాకైతరు సూడు, నా లెక్కన అది గిసొంటి ఆకలే. ఇది సైన్సు కాదు, నా మాట.

పులి-మేక ఎట్ల గీస్తరని పోయినసారి అడిగిర్రు. ఊరికో తీరుంటది. మా తాన 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే జాగలు 23. అరుగు మీద బొగ్గుతోని గీసుకోండి. మేకలకు చింతగింజలు సాలు. పులులకు ఏదైనా పెట్టుకోండి, మా తాత సోడా మూతలు పెడ్తుండె.