అప్పు తెచ్చిన పది

అందరికీ నమస్కారం. కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రాథమిక పాఠశాల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. బోధన పద్ధతుల గురించి శిక్షణలో మీకు చాలానే చెప్పి ఉంటారు. నేను తరగతి గదిలో గడిచే ఒక రోజు గురించి, ఆ సాయంత్రం పిల్లల సంచుల్లో ఇంటికి వెళ్లే పని గురించి మాట్లాడతాను.

నేను ఎక్కువ కాలం పనిచేసింది దేవరకొండకు, అచ్చంపేటకు మధ్య ఉన్న ఊళ్లలో. వాగుకు అటు నల్లగొండ, ఇటు పాలమూరు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. విద్యాహక్కు చట్టం లెక్కలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, ఆపైన ఐదో తరగతి దాకా నాలుగేసి. మొత్తం 18. ఇద్దరిలో ఒకరు మీటింగుకు వెళ్లిన రోజున ఆ పద్దెనిమిదీ మిగిలిన ఒక్కరివే. ఈ లెక్క మీకు నేను నేర్పనక్కరలేదు, మొదటి నెలలోనే దానంతట అదే వచ్చేస్తుంది.

అలాంటి ఒక రోజున ఒకటో తరగతికి పలకల మీద దిద్దే పని పెట్టి, రెండో తరగతికి గుణింతం రాయమని చెప్పి, పెద్దవాళ్లను పాఠం చదువుకోమని వరండాలోకి పంపి, మూడో తరగతికి తీసివేతలు మొదలుపెట్టాను. బోర్డు మీద 52 లోంచి 27. "రెండులోంచి ఏడు పోదు. పక్కనున్న ఐదు దగ్గర పది అప్పు తెచ్చుకుందాం. ఐదు నాలుగైంది, రెండు పన్నెండైంది. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. నాలుగులోంచి రెండు పోతే రెండు. ఎంత? ఇరవై ఐదు." మా సారు నాకు అలాగే చెప్పారు. ఆయనకు వాళ్ల సారూ అలాగే చెప్పి ఉంటారు. ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న దసరా కాగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకు వెళ్లాడు. ఆ డబ్బు తీరేదాకా ఆయన ఊరికి రాలేడని ఆ ఇంట్లో పసివాళ్లకు కూడా తెలుసు. సారు మాత్రం బోర్డు మీద అప్పు తెచ్చి, తీర్చే ఊసే ఎత్తకుండా, జవాబు కింద గీత గీసి చేతులు దులుపుకున్నాడు.

ఆ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే తెలిసింది, అక్కడ అసలు అప్పే లేదు. యాభై రెండూ మనవే. పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు జేబులో ఉన్నాయి. ఏడు రూపాయలు ఇవ్వాలంటే ఒక నోటుకు చిల్లర మార్చుకుంటాం, అంతే. మరునాడు చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టి తీసుకెళ్లాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వమని ఆ అమ్మాయినే పిలిచాను. కాసేపు కట్టల వంక చూసింది. ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసి ముంజేతికి గాజులా తొడుక్కుంది. విడి పుల్లలన్నీ కలిపి లెక్కపెట్టింది. పన్నెండు. ఏడు నా చేతిలో పెట్టి, "ఇవన్నీ మనవే కదా సార్" అంది. అప్పటి నుంచి తీసివేతల్లో నేను అప్పు అనే మాట వాడలేదు. కూడికల్లో "చేతిలో ఒకటి" అంటాం చూడండి, అదీ ఇలాంటిదే. ఆ చేతిలో ఉన్నది పది.

ఇంకో మాట. తండాల నుంచి ఒకటో తరగతికి వచ్చే పిల్లలు మీకు చాలామంది ఉంటారు. అ అంటే అమ్మ అని బొమ్మ చూపిస్తాం. ఆ బొమ్మ చూసి పిల్లవాడు "యాడి" అంటాడు. వాడు తప్పు చెప్పలేదు, లంబాడీలో అమ్మను అలాగే అంటారు. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు కదా, వాడికి రెండు పేజీలూ కొత్తే. పది లంబాడీ మాటలు నేర్చుకోండి. పిల్లలే నేర్పుతారు, పైగా మీ ఉచ్చారణకు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇక సాయంత్రం. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు హోంవర్కు. పుస్తకాల భాషలో దీన్ని ఇంటిపని అంటాం. మన పిల్లల ఇళ్లలో ఇంటిపని అంటే బిందెలు నింపడం, మేకలను తోలుకురావడం, చెల్లెల్ని ఎత్తుకోవడం. పత్తి ఏరే రోజుల్లో అమ్మ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

కొన్నేళ్లు నేను హోంవర్కు దండిగా ఇచ్చాను. ఎక్కాలు ఐదుసార్లు, పాఠం రెండుసార్లు. రాయని వాళ్లను నిలబెట్టాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒక సోమవారం పుస్తకాలు దిద్దుతుంటే ఏడు నోటు పుస్తకాల్లో ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని ఉంది. ఏడింటిలోనూ అదే తప్పు. ఆరా తీశాను. ఆ వీధిలో ఎక్కాలు చెప్పగలిగినవాడు ఒక్కడే, ఏడో తరగతి కుర్రాడు. రోజూ రాత్రి వాడి గుమ్మం ముందు ఈ ఏడుగురూ చేరేవారట. ఇన్నాళ్లూ నేను దిద్దుతున్నది వాడి హోంవర్కు. వాడికి ఎక్కాలు నేర్పినవాణ్ణీ నేనే.

1993లో, పిల్లల చదువు బరువు తగ్గించడానికి కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ ప్రాథమిక తరగతులకు హోంవర్కే వద్దని, ఇస్తే ఇంటి పరిసరాల్లో చూసి తెలుసుకునే పని ఇవ్వమని చెప్పింది. 2020లో వచ్చిన కేంద్రం బడిసంచి విధానం రెండో తరగతి దాకా వద్దంది, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదంది. రోజుకు అనుకునేరు, వారానికి! పొద్దున్నే వ్యానెక్కే పిల్లల వీపులు చూస్తే ఈ మాట ఎవరూ చదివినట్టు లేదు. ఇటు మన తల్లిదండ్రులేమో హోంవర్కు ఇవ్వని సారును పని ఎగ్గొట్టే సారు కిందే జమకడతారు. అందుకని నేను మధ్యేమార్గం పట్టాను. అక్షరం రాని పెద్దలకు కూడా జవాబు తెలిసిన ప్రశ్నలే ఇంటికి పంపేవాణ్ణి.

మర్రిగూడ వైపు పనిచేసినప్పుడు, మీ నాయనమ్మ చిన్నప్పుడు ఏ నీళ్లు తాగింది, అమ్మ ఏ నీళ్లు తాగింది, నువ్వు ఏవి తాగుతున్నావు అని అడిగి రమ్మన్నాను. చేదబావి, చేతిపంపు, కృష్ణా నీళ్ల నల్లా అని మూడు తరాలు బోర్డు ఎక్కాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పళ్లను, ఎముకలను ఏం చేస్తుందో ఆ ఊళ్లో నేను వివరించనక్కరలేదు. పటిక, సున్నంతో దాన్ని తొలగించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. శాశ్వత దంతాలకు పింగాణీ చాలావరకు ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే, అంటే పిల్లలు మన దగ్గర చిన్న తరగతుల్లో ఉండే వయసు దాకా. కానీ ఒక్క జాగ్రత్త. బావి గురించి అడగండి, పళ్ల గురించి అడగకండి. నేను అడిగాను. ఒక పిల్లవాడు చేత్తో నోరు మూసుకుని, బడి వదిలేదాకా చేయి తీయలేదు.

చీపురు పుల్లల బడిలోనే మరో ఏడాది కొలతల పాఠం వచ్చింది. ఇంట్లో గింజలు దేనితో కొలుస్తారో అడిగి, వీలైతే తెమ్మన్నాను. సోల, తవ్వ, మానిక వచ్చాయి. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా అటకల మీద ఇవి భద్రంగానే ఉన్నాయి. రెండు తవ్వలు ఒక మానిక అని అందరూ ఒప్పుకున్నారు. తీరా ఇసుక పోసి చూస్తే ఒకరి మానిక ఇంకొకరి మానికలో పట్టలేదు. పెద్ద గొడవైంది. లీటరు ఎందుకు పుట్టిందో నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

మూడో రోజు ఒక అవ్వ తన ఇనుప మానిక కోసం బడికే వచ్చింది. అప్పు ఎప్పుడు తీరుస్తామని అడిగిన అమ్మాయికి నాయనమ్మ. మేం కొలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి, "అట్లా కాదు సారూ" అంటూ లోపలికి వచ్చింది. దొర దగ్గర గింజలు నాగుకు, అంటే వడ్డీ అప్పుకు, తెచ్చుకున్నప్పుడు అంచుకు చదును చేసి ఇచ్చేవారట, తిరిగి కొలిచేటప్పుడు కుప్పగా పోయించుకునేవారట. వాళ్లమ్మ చెప్పేదట. ఒక మానిక తెస్తే పంటకు ఒకటిన్నర కట్టాలి.

ఐదో తరగతి వాళ్లు వెంటనే పలకలు అందుకున్నారు. పది మానికలు తెస్తే పదిహేను. ఆ ఏడు పంట పోయి, పదిహేనూ అలాగే ఉండిపోతే? పదిహేనులో సగం దగ్గర అందరి బలపాలూ ఆగిపోయాయి. నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది: "ఇరవై రెండు మానికలు, ఒక తవ్వ." మానికలోని ఇసుక గుమ్మం బయట దులిపి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.