ఫోను ముందు ఎవరికి వస్తుంది?

అందరికీ నమస్కారం.

మధ్యాహ్నం రెండింటికి బడి నుంచి ఫోను. బిడ్డకు జ్వరంగా ఉంది, వచ్చి తీసుకెళ్లమంటారు. తల్లి ఆఫీసులో ఉంది, తండ్రీ ఆఫీసులోనే ఉన్నాడు. ఇద్దరికీ ఆ పూట వదిలి రాలేని పనే. ఇక్కడ నేను అడిగేది ఒకటే. ఆ ఫోను ముందు ఎవరికి వచ్చింది? బడిలో ఇచ్చిన కాగితం మీద మొదటి నంబరు ఎవరిది? ఆ నంబరు రాసిన రోజు ఇద్దరూ మాట్లాడుకున్నారా, లేక ఎవరూ ఏమీ అనుకోకుండానే అమ్మ నంబరు రాసేశారా? ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో చాలా నిర్ణయాలు ఇలాగే, ఎవరూ తీసుకోకుండానే జరిగిపోతాయి. ఆ తర్వాత వాటి మీద ఏళ్ల తరబడి మాటామాటా పెరుగుతుంది.

అలాంటి గొడవ వచ్చినప్పుడు ఆయనకు బాధ్యత లేదనో, ఆవిడకు ఓపిక లేదనో తేల్చేస్తాం. నేను అలా అనుకోను. ఆ గొడవల్లో చాలావరకు ఆఫీసులో పుట్టి ఇంటికి నడిచొచ్చినవే. దంపతులు ఒకరినొకరు దోషిగా చూసుకోవడం మానకపోతే అసలు కారణం వాళ్లకు ఎప్పటికీ కనిపించదు.

1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య ఘర్షణ మూడు దారుల్లో వస్తుందని రాశారు. మొదటిది సమయం చాలకపోవడం. దాని గురించి మీకు నేను చెప్పేదేముంది, రోజూ పడుతున్నదే. ఇంకొకటి ప్రవర్తన. పొద్దంతా ఆజ్ఞలిచ్చిన గొంతే ఇంట్లోనూ వినిపిస్తే పిల్లలు దూరం జరుగుతారు. మిగిలినది ఒత్తిడి. మనం చాలా తక్కువగా మాట్లాడుకునేది దీని గురించే.

మనిషి వేళకే ఇంటికొస్తాడు. పిల్ల పక్కన కూర్చుంటాడు. పిల్ల ఏదో చెబుతుంటే ఊ కొడుతుంటాడు. మనసులో మాత్రం సాయంత్రం పై అధికారి పంపిన ఒక్క వాక్యం తిరుగుతూ ఉంటుంది. పిల్ల అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కుంటాడు. భార్య అదేమిటని అడిగితే ఆమె మీదా విసుక్కుంటాడు. ఆమె కూడా అప్పుడే పని నుంచి వచ్చింది, ఆమె మనసులోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉంది. ఆ ఇంట్లో సమయానికి లోటు లేదు. నియల్ బోల్జర్ అనే మనస్తత్వ పరిశోధకుడు, ఆయన సహచరులు 166 జంటల చేత ఆరు వారాలు రోజూ డైరీ రాయించి, 1989లో ఆ ఫలితాలు ప్రచురించారు. పని ఒత్తిడి ఇంటికి రావడమే కాకుండా ఒకరి నుంచి మరొకరికి పాకుతుందని అందులో తేలింది. అంటే మీ అధికారి, తాను ఎన్నడూ చూడని మీ భార్యను కూడా అలసిపోయేలా చేస్తున్నాడు.

ఇక ఇంటిపని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనికి పట్టే గంటల్లో 76.2 శాతం స్త్రీలవే. పురుషులకంటే 3.2 రెట్లు. అయినా ఇంట్లో భర్తను అడిగితే నేనూ చాలానే చేస్తున్నానంటాడు. అతను అబద్ధమాడటం లేదు. రాస్, సికోలీ అనే మనస్తత్వ పరిశోధకులు 1979లో దంపతులను విడివిడిగా ఎవరి వాటా ఎంతని అడిగారు. ఇద్దరి జవాబులూ కలిపితే చాలా పనుల్లో మొత్తం కంటే ఎక్కువ వచ్చింది. ఎవరు చేసింది వాళ్లకే బాగా గుర్తుంటుంది మరి.

లెక్కకు రాని పని ఇంకొకటుంది. టీకానే తీసుకోండి. బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అందరికీ కనిపిస్తుంది. దానికి ముందు తేదీ దగ్గరపడిందని ఎవరికో గుర్తుండాలి, ఏ డాక్టరో కనుక్కోవాలి, వేళ ఖాయం చేసుకోవాలి, ఆ రాత్రి జ్వరం వస్తుందేమోనని లేచి చూడాలి. ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఈ ఆలోచనా శ్రమను నాలుగు ముక్కలుగా విడదీసి చూపించారు. అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. ఆమె గమనించిన జంటల్లో నిర్ణయాలు ఇద్దరూ కలిసే తీసుకుంటున్నారు. ముందే పసిగట్టడం, చివరిదాకా కనిపెట్టుకుని ఉండటం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి.

"చెబితే చేసేవాణ్ణి కదా" అనే మాట ఆమెకు అంత కోపం ఎందుకు తెప్పిస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. చెప్పడం కూడా పనే. అందుకని పనిని ముక్కలుగా పంచుకోవద్దంటాను, మొదటి నుంచి చివరిదాకా ఒకరికి అప్పగించేయండి. బిడ్డ ఆరోగ్యం తండ్రిదైతే తేదీలూ ఆయనవే, డాక్టరుతో మాట్లాడటమూ ఆయనదే, బడి కాగితం మీద మొదటి నంబరూ ఆయనదే. ఆయన తన పద్ధతిలో చేస్తాడు. ఆమె వెనకనుంచి దిద్దకూడదు. ఇది ఆమెకూ కష్టమే, నేను కాదనను.

ఇదంతా విని ఒకరు ఉద్యోగం మానేస్తే పోలేదా అనే పెద్దలుంటారు. ఆ సలహా నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఒకచోట దొరికిన ఆత్మవిశ్వాసం, నేర్పు రెండోచోట బతుకును మెరుగుపరుస్తాయని గ్రీన్‌హాస్ తానే, పావెల్ అనే మరో పరిశోధకుడితో కలిసి 2006లో వివరించారు. ఉద్యోగం ఇంటికి ఒత్తిడినే తేవాలని లేదు.

తెచ్చేది ఏదన్నది ఆ ఉద్యోగాన్ని నడిపే తీరును బట్టి ఉంటుంది. ఇంట్లో అన్నీ చూసుకునే మనిషి ఒకరున్నారన్న లెక్కతో చాలా ఉద్యోగాలు తయారయ్యాయి. ఆ లెక్క మార్చడం కుదురుతుంది. అమెరికాలో ఎరిన్ కెల్లీ, ఫిలిస్ మోయెన్‌ల పరిశోధక బృందం ఒక పెద్ద కంపెనీ ఐటీ విభాగంలో ప్రయోగం చేసింది. కొన్ని జట్లకు ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలన్నది తామే నిర్ణయించుకునే వీలు కల్పించారు. సిబ్బంది కుటుంబ జీవితానికి అండగా ఉండటం ఎలాగో వాళ్ల మేనేజర్లకు నేర్పారు. మిగతా జట్లతో పోలిస్తే వీళ్లలో ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య ఘర్షణ తగ్గింది. 2014లో వచ్చిన ఆ ఫలితం భారీది కాదు, కానీ నమ్మదగ్గది. ఫ్రాన్స్ 2017 నుంచి, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలు పనివేళల తర్వాత సందేశాలకు దూరంగా ఉండే హక్కుపై ఉద్యోగులతో చర్చించాలని చట్టమే చేసింది.

ఈ సభలో మేనేజర్లు కూడా ఉన్నారు. మీకు నాదొక విన్నపం. బిడ్డకు జ్వరమని ఒక తండ్రి సెలవు అడిగినప్పుడు, "ఇంట్లో మీ ఆవిడ లేరా?" అనకండి. మీరు కాదంటే అదే సెలవు ఆమె ఇంకో ఆఫీసులో అడుక్కోవాలి.

ప్రశ్నలుంటే అడగండి, తప్పకుండా మాట్లాడుకుందాం.