పడిపోతామన్న భయాన్ని కొలవడం: వీల్‌చైర్ వాడేవారిని ఏమడగాలి?

అందరికీ నమస్కారం.

"పడిపోతానని భయంగా ఉందా?" అని వెన్నుపాము దెబ్బతిన్నవారిని అడిగి, అవుననో కాదనో రాసుకుంటే వైద్యానికి ఉపయోగం లేదు. ఏ పని చేస్తుంటే భయం, ఎంత భయం అన్నది తెలియాలి.

వృద్ధుల కోసం వచ్చిన ఎఫ్‌ఈఎస్-ఐ ప్రశ్నావళి మెట్లెక్కడం గురించి, జారే నేల మీద నడవడం గురించి అడుగుతుంది. వెన్నుపాము పూర్తిగా దెబ్బతినక కొంత నడవగలిగేవారికి అది సరిపోతుంది. వీల్‌చైర్‌లో ఉన్నవారికి సరిపోదు. చేతులతో నెట్టుకునే వీల్‌చైర్ వాడేవారి కోసం ఆస్ట్రేలియా పరిశోధకులు 2010లో ఎస్‌సీఐ-ఎఫ్‌సీఎస్ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో 16 పనులుంటాయి: బట్టలు మార్చుకోవడం, స్నానం, కమోడ్ మీదికి, మంచం మీదికి, కారులోకి మారడం, కింద పడ్డ వస్తువు తీయడం, ఎత్తుపల్లాల మీద కుర్చీ నెట్టడం వంటివి. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు; 4 అంటే భయం బాగా ఎక్కువ. మొత్తం 16 నుంచి 64.

మొత్తం చూసి ఆగిపోకండి. ఇద్దరికీ 28 వచ్చిందనుకుందాం. ఒకరికి స్నానం, కమోడ్, మంచం, కారు ఈ నాలుగింటికీ 4, మిగతా పన్నెండింటికీ 1. ఇంకొకరికి పన్నెండు పనులకు 2, నాలుగింటికి 1. మొదటివారికి ట్రాన్స్‌ఫర్ (కుర్చీలోంచి మరోచోటికి మారడం) సాధన కావాలి: కుర్చీ, మంచం ఒకే ఎత్తులో ఉన్నాయా, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ ఉందా చూడాలి. రెండోవారికి నడుం నిలకడ, కుర్చీ అమరిక, వెనక్కి ఒరగకుండా ఆపే చిన్న చక్రాలు చూడాలి. ఒకే అంకె, చికిత్స పూర్తిగా వేరు.

అడిగేటప్పుడు ఇంటివాళ్లు పక్కన లేకుండా చూసుకోండి. అమ్మ ముందు కొడుకు భయం లేదంటాడు, లేదా అమ్మే జవాబు చెప్పేస్తుంది. చేయడం మానేసిన పనికి "భయం లేదు" అన్న జవాబు వస్తే, మానేయడానికి కారణం అడిగి పక్కన రాయండి. భయం వల్లే మానేసినవారికి తక్కువ మార్కు పడి, మనం మోసపోతాం.

హైదరాబాద్‌లో చాలామందికి కారు కంటే ఆటోయే దిక్కు. ఆటో ఎక్కడం గురించి తప్పక అడగండి, బాత్రూమ్ గడప గురించీ, బంజారాహిల్స్ లాంటి వాలు రోడ్ల గురించీ అడగండి. కానీ ఆ మార్కులను 16 ప్రశ్నల మొత్తంలో కలపకండి. కలిపితే వేరేచోట వచ్చిన ఫలితాలతో పోల్చలేం. ఏబీసీ స్కేలును కూడా ఇదే ఫైల్లో పెడుతుంటే జాగ్రత్త: అది తూలిపోకుండా పనులు చేయగలనన్న నమ్మకాన్ని 0 నుంచి 100 శాతంలో కొలుస్తుంది. అక్కడ ఎక్కువ వస్తే మంచిది, ఇక్కడ తక్కువ వస్తే మంచిది.

ఆస్పత్రిలో ఒకసారి కొలిచి వదిలేయడం సరిపోదు. అక్కడ నేల చదును, పక్కనే మనిషి. ఇంటికెళ్లి కొన్ని వారాలు గడిచాక మళ్లీ అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

భయాన్ని పూర్తిగా పోగొట్టడం మన లక్ష్యం కాదు. వెన్నుపాములో గాయమైన చోటికి కింది శరీరభాగంలో ఎముకలు పలచబడతాయి, స్పర్శ లేకపోతే విరిగినా నొప్పి తెలియదు; వాపు, వేడి, పెరిగిన స్పాజమ్ (కండరాలు బిగుసుకోవడం) మాత్రమే కనిపిస్తాయి. అందుకే కొత్తగా ఇంటికి వెళ్లినవారికి మొత్తం 16 మాత్రమే వస్తే, అంటే ఏ పనికీ భయం లేదంటే, సంతోషపడి ఫైలు మూయకండి. ఒక్కసారి మంచం మీదికి మారి చూపించమనండి: బ్రేకులు రెండూ వేశారా, పాదాలు ఫుట్‌రెస్ట్ మీంచి దించారా, కుర్చీని మంచానికి దగ్గరగా పెట్టారా గమనించండి.